తాగలేదని చెప్పగలిగే పట్టీ: ప్రాజెక్టు డైరీ

మా బావ తాగుడు మానేశారు. మానేశాక కూడా ఇంట్లో అనుమానం మాత్రం పోలేదు. సాయంత్రం కాస్త ఆలస్యమైతే చాలు, అక్క మొహం మారిపోతుంది. ఊదే మీటరు కొనిస్తానంటే "రోజూ ఇంటి గుమ్మంలో పోలీసు ముందు నిలబడ్డట్టుంటుంది, వద్దు" అన్నారు. ఒంటి మీద ఉండి, తనంతట తాను రాసుకుపోయేది ఏదైనా చేయగలవా అని అడిగింది ఆయనే. తాగని రోజు తాగలేదని నమ్మకంగా చూపించాలి, ఈ పట్టీ పని అంతే. కింద తీసుకున్న నిర్ణయాలన్నీ ఆ ఒక్క అవసరం నుంచి వచ్చినవే. ఇంకెవరైనా చేయాలనుకుంటే పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

సూత్రం కొత్తది కాదు. తాగిన ఆల్కహాల్‌లో చాలా భాగం లివర్‌లోనే విరిగిపోతుంది. సుమారు ఒక శాతం మాత్రం చెమటతోనూ, కంటికి కనిపించని ఆవిరిగానూ చర్మం గుండా బయటికొస్తుంది. అమెరికాలో కోర్టులు కాలికి తొడిగించే స్క్రామ్ పట్టీలు 2003 నుంచి దీని మీదే నడుస్తున్నాయి. 2016లో అక్కడ తాగుడు సమస్యల మీద పరిశోధన చేసే ఎన్‌ఐఏఏఏ అనే ప్రభుత్వ సంస్థ చేతికి పెట్టుకునే సెన్సర్ల కోసం పోటీ పెట్టి, బ్యాక్‌ట్రాక్ కంపెనీ చేసిన 'స్కిన్' పట్టీకి 2 లక్షల డాలర్ల మొదటి బహుమతి ఇచ్చింది.

దశ 1: ఎంక్యూ-3 ఎందుకు పక్కన పెట్టాను

బెంగళూరు ఎస్పీ రోడ్డులో ఏ కొట్టుకెళ్లి ఆల్కహాల్ సెన్సర్ అడిగినా చేతిలో పెట్టేది ఇదే. టిన్ ఆక్సైడ్ పొరను హీటర్‌తో వేడి చేస్తే, ఆల్కహాల్ ఆవిరి తగిలినప్పుడు దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. టేబుల్ మీద బాగానే పనిచేస్తుంది. చేతికి కట్టాక మూడు ఇబ్బందులు బయటపడ్డాయి.

కరెంటు: హీటర్ ఒక్కటే 5 వోల్టుల దగ్గర 148 మిల్లీయాంపియర్లు లాగింది. 500 ఎంఏహెచ్ బ్యాటరీ, వోల్టేజీ పెంచే బూస్ట్ కన్వర్టర్, కొలతలు చదివి నడిపే చిన్న కంప్యూటర్ లాంటి ఈఎస్‌పీ32 బోర్డు అన్నీ కలిపి గంటా నలభై నిమిషాలకు ఆగిపోయింది.

వేడి: ముప్పావు వాటు చిన్న సంఖ్యలాగే కనిపిస్తుంది. మణికట్టు మీద అది ఊరుకోదు. కింద చర్మం చెమట పడుతుంది, ఆ చెమట కొలతనే మార్చేస్తుంది.

తేమ: అసలు సమస్య ఇదీ. ఆల్కహాల్ ఏమీ లేకుండా గదిలో తేమ 45 శాతం నుంచి 80కి పెంచితే, ఒక పెగ్గు తాగినప్పుడు వచ్చేంత మార్పు వచ్చింది. అంటే జూన్‌లో వాన పడ్డ ప్రతి సాయంత్రం మా బావ తాగినట్టే లెక్క. ఇక దీన్ని సాఫ్ట్‌వేర్‌తో బాగుచేయడానికి ప్రయత్నించలేదు.

ఖర్చు: ఎంక్యూ-3 మాడ్యూల్ 160, ఈఎస్‌పీ32 బోర్డు 480, బ్యాటరీ 280, ఛార్జింగ్ బోర్డు, బూస్ట్ కలిపి 100.
ఇప్పటిదాకా మొత్తం: రూ. 1,020

దశ 2: ఫ్యూయల్ సెల్‌కి మారడం

పోలీసులు ఊదించే మీటర్లలో వాడేది ఫ్యూయల్ సెల్. ప్లాటినం ఎలక్ట్రోడ్ మీద ఇథనాల్ ఎసిటిక్ యాసిడ్‌గా మారుతూ ఒక్కో అణువుకి నాలుగు ఎలక్ట్రాన్లు వదులుతుంది. ఎంత ఆవిరి ఉంటే అంత కరెంటు. హీటర్ అక్కర్లేదు. నేను తెప్పించింది మూడు ఎలక్ట్రోడ్ల ప్రింటెడ్ రకం, గోటి కంటే కాస్త పెద్దది. వచ్చే కరెంటు మైక్రోయాంపియర్లలో ఉంటుంది కాబట్టి దాన్ని వోల్టేజీగా మార్చడానికి ఎల్‌ఎంపీ91000 చిప్, చదవడానికి ఏడీఎస్1115, తేమకీ ఉష్ణోగ్రతకీ ఎస్‌హెచ్‌టీ31 పెట్టాను.

కలిపేటప్పుడు ఈ వరస తప్పొద్దు:

1. ఎల్‌ఎంపీ91000 ఐ2సీ అడ్రస్ (చిప్‌లన్నీ మాట్లాడుకునే ఉమ్మడి తీగల మీద దాని గుర్తింపు సంఖ్య) హెక్సాలో 48. అది మారదు. ఏడీఎస్1115 అడ్రస్ పిన్ గ్రౌండ్‌కి ఉంటే దానిదీ 48 అవుతుంది. రెండూ ఒకేసారి జవాబిస్తాయి, వచ్చే సంఖ్యలకు అర్థం ఉండదు. ఏడీఎస్ అడ్రస్ పిన్‌ను 3.3 వోల్టులకు కలపండి, 49 అవుతుంది. ఎస్‌హెచ్‌టీ31 ది 44, దాంతో గొడవ లేదు.
2. ఎల్‌ఎంపీ91000 మెన్‌బి పిన్‌ను గ్రౌండ్‌కి కలపాలి. లేకపోతే చిప్ పలకదు.
3. ముందు లాక్ రిజిస్టర్‌లో సున్నా రాయండి. రాయకుండా గెయిన్ (సిగ్నల్‌ను ఎంత పెంచాలో), రెఫరెన్స్ (ఏ వోల్టేజీతో పోల్చాలో) సెట్టింగులు పంపితే ఎర్రర్ ఏమీ రాదు, కానీ సెట్టింగులు మారవు. తిరిగి చదివి చూసుకోండి.
4. గెయిన్ 350 కిలోఓమ్‌లు, అంతర్గత సున్నా 20 శాతం. మోడ్ మూడు ఎలక్ట్రోడ్ల యాంపెరోమెట్రిక్, అంటే కరెంటును కొలిచే రకం.
5. ఏడీఎస్ రేంజ్ 2.048 వోల్టులు. ఒక్కో మెట్టు 62.5 మైక్రోవోల్టులు, మన పనికి చాలు.
6. కరెంటు ఇచ్చాక రాత్రంతా అలా వదిలేయండి. నా సెల్ మొదటి గంటలోనే 30 మిల్లీవోల్టులు జారింది, తెల్లారేసరికి నిలబడింది. సెల్‌కి కరెంటు తీసేస్తే ఈ ఎదురుచూపు మళ్లీ మొదలు. అందుకే మిగతావన్నీ నిద్రపోయినా ఈ చిప్‌కి మాత్రం ఎప్పుడూ కరెంటు ఉండేలా సర్క్యూట్ మార్చాను.

ఇంకోటి. సోల్డరింగ్ అయ్యాక ఫ్లక్స్ తుడవడానికి అందరం ఐసోప్రొపైల్ వాడతాం. అదీ ఆల్కహాలే, సెల్ దాన్నీ చదువుతుంది. బోర్డు తుడిచి, ఆరబెట్టి, ఆ తర్వాతే సెల్ ఎక్కించండి.

ఖర్చు: సెల్ కస్టమ్స్‌తో కలిపి 3,400, ఎల్‌ఎంపీ బోర్డు 1,650, ఏడీఎస్1115 320, ఎస్‌హెచ్‌టీ31 390.
ఇప్పటిదాకా మొత్తం: రూ. 6,780

దశ 3: కొలతకు కొలబద్ద

మిల్లీవోల్టులు వస్తున్నాయి సరే, వాటికి అర్థం ఏమిటి? ఊదే మీటర్లను సరిచూసే పద్ధతినే ఇంట్లో పెట్టుకున్నాను. తెలిసిన గాఢత ఉన్న ఆల్కహాల్ నీళ్లను 34 డిగ్రీల దగ్గర ఉంచితే, పైనున్న గాలిలో ఎంత ఆవిరి చేరుతుందో లెక్క ఖచ్చితంగా ఉంది. లీటరుకు 1.21 గ్రాములుంటే పైగాలిలో లీటరుకు 0.476 మిల్లీగ్రాములు. రక్తంలో 100 మి.లీ.కు 100 మి.గ్రా. ఉన్నవాడి ఊపిరికి అది సమానం, శ్వాసకీ రక్తానికీ నిష్పత్తి 1:2100 అనుకుంటే.

స్వచ్ఛమైన ఇథనాల్ ఎక్సైజ్ నిబంధనల కిందికొస్తుంది, మామూలు మనిషికి కొనడం కష్టం. కానీ మన వోడ్కా సీసా మీద 42.8 శాతం అని స్పష్టంగా రాసి ఉంటుంది. ఇథనాల్ సాంద్రత మి.లీ.కు 0.789 గ్రాములు, కాబట్టి ఒక మి.లీ. వోడ్కాలో 0.338 గ్రాములు. దాన్ని కొలవడానికి ఇన్సులిన్ సిరంజి: 100 యూనిట్ల గీతలున్నది, ఒక్కో యూనిట్ 0.01 మి.లీ.

అర లీటరు నీళ్లకు:

- 30 మి.గ్రా. స్థాయికి: 54 యూనిట్లు
- 50 మి.గ్రా. స్థాయికి: 90 యూనిట్లు
- 100 మి.గ్రా. స్థాయికి: 179 యూనిట్లు

చేసే విధానం:

1. వెడల్పు మూతి గాజు జాడీలో ద్రావణం పోసి, సెల్‌ను మూత లోపలివైపు బిగించండి.
2. ఆ జాడీని నీళ్ల బకెట్‌లో పెట్టి, చేపల తొట్టి హీటర్ వేయండి. నేను కొన్నదాని డయల్ సరిగ్గా 34 దగ్గరే ఆగుతుంది.
3. థర్మామీటర్‌ను జాడీలోనే పెట్టండి, బకెట్‌లో కాదు. ఒక్క డిగ్రీ తేడాకు ఆవిరి దాదాపు 7 శాతం మారుతుంది. బకెట్ 34 చూపిస్తున్నా జాడీ చాలాసేపు 31 దగ్గరే ఉంటుంది.
4. మూత తీసిన ప్రతిసారీ ఆల్కహాల్ కొంత పోతుంది. ప్రతి కొలతకూ కొత్త ద్రావణం కలపండి.

ఫలితం: 30 స్థాయికి 310 మిల్లీవోల్టులు, 50కి 520, 100కి 1,015. గ్రాఫ్ దాదాపు తిన్నటి గీతలా వచ్చింది.

పీపీఎంలో (గాలిలో పది లక్షల వంతులకు ఎన్ని వంతులు అని) లెక్కపెట్టకండి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, గాలి ఒత్తిడి తక్కువ. అదే మిల్లీగ్రాముకు ఇక్కడ పీపీఎం సుమారు పదో వంతు ఎక్కువ వస్తుంది. చెన్నైలో చేసినవాళ్లతో పోల్చుకోవాలంటే లీటరుకు మిల్లీగ్రాములే వాడాలి.

ఖర్చు: హీటర్ 450, థర్మామీటర్ 250, సిరంజిలు 60, క్వార్టర్ వోడ్కా 300.
ఇప్పటిదాకా మొత్తం: రూ. 7,840

దశ 4: చర్మానికీ సెల్‌కీ మధ్య

ఎక్కువ కాలం పట్టిన దశ ఇది. ఎలక్ట్రానిక్స్ అంతా కలిపినా ఇంత పట్టలేదు.

చర్మం మీద ఒక చిన్న గిన్నెను బోర్లించి, దాని పైకప్పులో సెల్ పెట్టాలి. మొదటి గిన్నె 18 మిల్లీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల లోతు, అంటే లోపల సుమారు ఒక మి.లీ. గాలి. చేతికి కట్టిన పది నిమిషాలకే లోపల తేమ 97 శాతం. గంటకు గోడల మీద నీటిబొట్లు కనిపించాయి. ఒక బొట్టు సెల్ నోటి మీద కూర్చుంటే కొలత అక్కడికి ఆగిపోతుంది, తుడిచాక కూడా గంటసేపు తేరుకోదు.

మార్చినవి: సెల్ నోటికి ప్లంబర్లు వాడే టెఫ్లాన్ టేపు రెండు పొరలు సాగదీసి కట్టాను. ఆవిరి పోతుంది, నీటిబొట్టు పోదు. గిన్నె పక్కగోడకు అర మిల్లీమీటర్ రంధ్రాలు రెండు వేశాను. తేమ 84 దగ్గర నిలబడింది. ఆ రంధ్రాల వల్ల ఆల్కహాల్ ఆవిరి కూడా బయటికి పోతుంది, సిగ్నల్ పడిపోతుంది. నాలుగు రంధ్రాలతో తేమ ఇంకా బాగుంది, కానీ సిగ్నల్ మరీ సన్నగిల్లింది. రెండు దగ్గర ఆగాను.

తర్వాత వచ్చిన చిక్కు ఎవరికైనా వస్తుంది, అందుకే వివరంగా రాస్తున్నాను. గిన్నె అంచులు సీల్ చేయడానికి సిలికాన్ వాడాను. వెనిగర్ వాసన వచ్చే రకం రాగిని తినేస్తుందని, వాసన రాని న్యూట్రల్ రకం కొన్నాను. ఆ రోజు నుంచి బేస్‌లైన్ (ఆల్కహాల్ లేనప్పుడు ఉండే కొలత) 70 మిల్లీవోల్టుల పైనే. ఎవరూ తాగలేదు, పక్కన శానిటైజర్ లేదు. పట్టీని డబ్బాలో పెట్టి మూసినా అంతే, పైగా ఇంకా పెరిగింది. అప్పుడు అర్థమైంది: న్యూట్రల్ సిలికాన్లలో చాలా రకాలు గట్టిపడేటప్పుడు మిథనాల్ వదులుతాయి. అదీ ఆల్కహాలే. వారం గడిచినా పూర్తిగా తగ్గలేదు. మొత్తం గీకి పారేసి, సీలింగే అవసరం లేకుండా గిన్నెను మెత్తటి టీపీయూ ప్లాస్టిక్‌తో ఒకే ముక్కగా 3డీ ప్రింట్ చేయించాను. బేస్‌లైన్ 4 మిల్లీవోల్టులకు దిగింది.

మీరేం వాడినా సరే, జిగురో రబ్బరో పట్టీ గుడ్డో, ముందు ఆ ముక్కను సెల్‌తో పాటు మూత ఉన్న డబ్బాలో రాత్రంతా ఉంచి చూడండి. పొద్దుటికి గ్రాఫ్ లేస్తే ఆ వస్తువు పనికిరాదు. నేను కొన్న తోలు పట్టీ కూడా ఈ పరీక్షలోనే పోయింది. చివరికి నైలాన్ వాడాను.

ఖర్చు: ప్రింట్లు 900, టేపు 30, పట్టీ 250.
ఇప్పటిదాకా మొత్తం: రూ. 9,020

దశ 5: తాగిన మనిషి మీద

ఈ పరీక్ష బావ మీద చేసే ప్రశ్నే లేదు. అప్పుడప్పుడు తాగే నా రూమ్మేట్ ఒప్పుకున్నాడు. భోజనం చేశాక, ఇంట్లోనే, బైక్ తాళం నా దగ్గర పెట్టుకుని, శనివారం రాత్రి. 72 కేజీల మనిషి, 90 మి.లీ. వోడ్కా, అంటే 30 గ్రాముల ఆల్కహాల్. పోల్చుకోవడానికి ఫ్యూయల్ సెల్ రకం ఊదే మీటర్ ఒకటి కొన్నాను.

- 50 నిమిషాలకు: ఊపిరి 46 మి.గ్రా. (100 మి.లీ. రక్తం లెక్కన), అదే శిఖరం. చర్మం 6 మిల్లీవోల్టులు, బేస్‌లైన్ కంటే కొంచెమే ఎక్కువ
- 2 గంటల 5 నిమిషాలకు: ఊపిరి 31. చర్మం 61, దాని శిఖరం
- 4 గంటలకు: ఊపిరి సున్నా. చర్మం ఇంకా 27
- 5 గంటల 40 నిమిషాలకు: చర్మం మళ్లీ బేస్‌లైన్‌కి

ఈ గ్రాఫ్‌లో రెండు విషయాలున్నాయి. ఒకటి, చర్మం గంటకు పైగా వెనక నడుస్తోంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం పరిమితి 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. రూమ్మేట్ ఆ పరిమితి దాటి 46 దగ్గర ఉన్నప్పుడు పట్టీ దాదాపు ఖాళీ చూపించింది. కాబట్టి "ఇప్పుడు బండి నడపొచ్చా" అనే ప్రశ్నకు ఇలాంటి పట్టీని ఎప్పుడూ వాడకండి. ఎంత మెరుగుపరిచినా ఈ ఆలస్యం పోదు. ఆల్కహాల్ రక్తం నుంచి చర్మం పొరలు దాటి రావాలి, ఆ దారి నిడివి మన చేతుల్లో లేదు.

రెండోది, జాడీ లెక్కన 46 స్థాయికి 475 మిల్లీవోల్టులు రావాలి, చర్మం మీద 61 వచ్చింది. ఇంకో శనివారం అదే మనిషి, అదే మోతాదు, పట్టీ రెండు వేళ్లు పైకి జరిపి కడితే 38. చెమట, బిగుతు, చర్మం మందం అన్నీ ఇందులో కలిసిపోతాయి. అంకె చూపించడం మానేశాను. తెరమీద మి.గ్రా. అని కనిపిస్తే చూసేవాళ్లు దాన్ని నమ్మేస్తారు, ఆ నమ్మకానికి ఆధారం లేదు. పట్టీ చెప్పేది తాగారా లేదా, సుమారుగా ఎప్పుడు, అంతవరకే.

ఖర్చు: ఊదే మీటర్ 5,500.
ఇప్పటిదాకా మొత్తం: రూ. 14,520

దశ 6: తాగకుండానే లేచే గ్రాఫ్‌లు

అసలు పరీక్ష ఇక్కడ మొదలైంది. నిజంగా తాగినప్పుడు ఒకసారి దొరక్కపోతే పోయేదేం లేదు, రేపు దొరుకుతుంది. తాగనివాణ్ణి తాగాడని ఒక్కసారి చూపిస్తే మాత్రం ఆ ఇంట్లో కష్టపడి కూడగట్టుకున్న నమ్మకం పోతుంది. అందుకని ఒక్కో వాసనా తెచ్చి పెట్టి చూశాను.

శానిటైజర్ చేతులకు రాసుకుంటే రెండు నిమిషాల్లో 400 మిల్లీవోల్టులు దాటింది. ఎనిమిది నిమిషాలకు సగానికి పడింది, నలభై నిమిషాలకు మామూలైంది. ఆఫ్టర్‌షేవ్, డియోడరెంట్ కూడా ఇదే ఆకారం, ఎత్తు తక్కువ. హోమియో మందు సీసా మూత తీస్తే చిన్న ముల్లులాంటి లేపు, చుక్కలు మింగితే ఏమీ లేదు.

వీటిని వేరుచేయడం తేలికే. తాగినప్పుడు గ్రాఫ్ నిమిషానికి ఒక మిల్లీవోల్టు కంటే వేగంగా ఎప్పుడూ ఎక్కలేదు. నిమిషానికి 5 దాటితే అది బయటి వాసన అని రాసుకుని, తర్వాతి గంటను లెక్కలోంచి తీసేస్తుంది. అయితే ఎవరైనా కావాలని శానిటైజర్ పూసుకుని ఆ గంటలో తాగితే? అందుకని ఆ గంటకు "లేదు" అని రాయకుండా మూడో జవాబు పెట్టాను: "చెప్పలేం". పట్టీ తీసేసినప్పుడూ అంతే. లోపలి తేమ, వేడి ఒక్కసారిగా గది స్థాయికి పడిపోతే చేతికి లేదని తెలిసిపోతుంది.

ఇది బావకి చూపిస్తే ఆయన అన్నది: "చెప్పలేం అని ఉంటేనే మీ అక్క నమ్ముతుందిరా. ఇరవై నాలుగ్గంటలూ లేదు లేదు అని రాస్తే నేనే నమ్మను."

వేరుచేయడం కష్టమైంది ట్రాఫిక్. సాయంత్రం సిల్క్‌బోర్డ్ కూడలి దాటేసరికి గ్రాఫ్ 12-18 మిల్లీవోల్టుల దాకా మెల్లగా, నిమిషానికి అర మిల్లీవోల్టు చొప్పున ఎక్కుతుంది. అచ్చం మొదటి పెగ్గు వేగం. కారణం పొగలోని కార్బన్ మోనాక్సైడ్, అదీ ప్లాటినం మీద ఆక్సిడైజ్ అవుతుంది. పైగా బావ ఇంటికొచ్చేది, అక్క అనుమానపడేది సరిగ్గా ఆ సమయంలోనే. ప్రస్తుతానికి కాలంతో వేరుచేస్తున్నాను: 15 మిల్లీవోల్టుల పైన ఆగకుండా 90 నిమిషాలు ఉంటేనే "ఉంది". ట్రాఫిక్ వదిలాక ఇరవై నిమిషాల్లో గ్రాఫ్ దిగిపోతుంది, ఆల్కహాల్ దిగదు. ఈ నియమంతో 30 మి.లీ. ఒక్కటే తాగితే దొరకదు. రూమ్మేట్ మీద చూశాను, శిఖరం 14 దగ్గరే ఆగింది. ఈ సంగతి బావకీ అక్కకీ ఇద్దరికీ చెప్పాను.

దశ 7: బ్యాటరీ

ఈఎస్‌పీ32 చిప్ నిద్రలో మైక్రోయాంపియర్లే తాగుతుంది. కొట్లో అమ్మే బోర్డు మాత్రం అలా కాదు, దాని మీది రెగ్యులేటర్, యూఎస్‌బీ చిప్, ఎర్ర లైటు కలిసి 9 మిల్లీయాంపియర్లు లాగాయి. విడి మాడ్యూల్, హెచ్‌టీ7833 రెగ్యులేటర్ పెట్టి, ఐదు నిమిషాలకోసారి లేపి, వైఫై తీసేసి బ్లూటూత్ ఉంచాను. రెండు రోజులు వచ్చే బ్యాటరీ ఇప్పుడు రెండు వారాలకు పైనే వస్తోంది.

ఖర్చు: మాడ్యూల్ 300, రెగ్యులేటర్, చిల్లర సామాను 170.
ఇప్పటిదాకా మొత్తం: రూ. 14,990

దశ 8: బావ చేతికి

డేటా ఆయన ఫోన్‌లోనే ఉంటుంది. అక్కకు చూపించాలా వద్దా అన్నది ఆయన ఇష్టం. నాకు వచ్చేది సెన్సర్ బాగుందా లేదా అన్న సమాచారం మాత్రమే. ఇది ఇద్దరితో కూర్చుని మాట్లాడుకున్నాకే పట్టీ ఇచ్చాను. ఆయన డాక్టర్‌కి కూడా చూపించారు. మందులు, కౌన్సెలింగ్ మామూలుగానే నడుస్తున్నాయి, పట్టీ వాటికి బదులు కాదని ఆయనకూ తెలుసు.

"ఉంది" అని ఇంతవరకూ ఒక్కసారీ రాలేదు. "చెప్పలేం" మాత్రం ఎక్కువగా వస్తోంది, రోజుకు మూడు గంటల దాకా. అందులో సగం ఆఫీసు గేటు దగ్గరి శానిటైజర్, మిగతాది స్నానానికి తీసినప్పుడు. చర్మం ఎర్రబడుతోందని గిన్నె అంచును గుండ్రంగా చేసి, ఒకరోజు ఎడమ చేతికి, ఒకరోజు కుడి చేతికి మార్చమన్నాను.

తర్వాతి పని ట్రాఫిక్ సంగతి తేల్చడం. అదే రకం సెల్ ఇంకొకటి ఆర్డర్ పెట్టాను, పట్టీకి బయటివైపు చూసేలా బిగిస్తాను. బయటి గాలి రెండింటికీ తగులుతుంది, చర్మం ఆవిరి లోపలిదానికే. లోపలి కొలతలోంచి బయటిది తీసేస్తే పొగ పోవాలి, శానిటైజర్ గంట కూడా బాగా తగ్గాలి. అప్పుడు 90 నిమిషాల నియమాన్ని 45కి, 15 మిల్లీవోల్టుల హద్దును కూడా కిందికి దించి, 30 మి.లీ. దొరుకుతుందో లేదో రూమ్మేట్‌తో మళ్లీ చూడాలి. రెండు సెల్‌లకూ ఎల్‌ఎంపీ91000 లు రెండు కావాలి, రెండిటి అడ్రసూ 48 కాబట్టి మెన్‌బి పిన్‌లను ఈఎస్‌పీ32కి విడివిడిగా కలిపి ఒకదాని తర్వాత ఒకటి పలికించాలి. సెల్ కస్టమ్స్ దాటి వస్తే మొత్తం సుమారు 20,000 అవుతుంది. కొలతలు వచ్చాక దశ 9 రాస్తాను.